తోటతలుపు తెరచిన పుణ్యము

పెరటిలో నాలుగు మొక్కలైనను పెంచని గృహిణి మన దేశమున అరుదు. స్థలమున్నవారు మల్లెపందిరి వేయుదురు. స్థలము లేనివారు ఒక కుండలోనైనను తులసిని నాటుకొందురు. అంతస్తుల యిండ్లలో కాపురముండు నేటి గృహిణులు మేడమీద డబ్బాలలో మట్టి నింపి కనకాంబరములు పూయించుచున్నారు, ఆకుకూరలు పండించుచున్నారు. పూచిన పూలలో దేవునికి కొన్ని, జడలోనికి కొన్ని, ఇరుగుపొరుగువారికి కొన్ని పంచిపెట్టి వారు సంతోషించుచుందురు. తోటవలన కలుగు ఫలము ఇంతకంటె వేరొకటి యుండునని మనము సాధారణముగా తలపము.

కాని ఆ పూలమొక్కలే ఊరిలో మంచము పట్టిన యొక పేదరోగికి నర్సును పంపగలవనియు, ఆ నర్సు జీతమును సమకూర్పగలవనియు ఎవరైనను చెప్పినచో మనము నమ్ముదుమా? ఇంగ్లండు, వేల్సు దేశములలో తోటలు పెంచువారు ఈ పనిని 1927వ సంవత్సరము నుండి చేసి చూపించుచున్నారు. ఏడాదికి ఒకటి రెండు దినములు తమ తోటతలుపు తెరచి, చూడవచ్చినవారియొద్ద కొద్దిపాటి రుసుము పుచ్చుకొని, ఆ సొమ్మును రోగుల సేవకిచ్చుట వారి పద్ధతి. దీనికి ‘నేషనల్ గార్డెన్ స్కీము’ అని పేరు. ఈ యుద్యమమునకు అంకురార్పణ చేసినది ఒక స్త్రీ. కావున దాని కథ మా సోదరీమణులు తెలిసికొనదగినదని మా యభిప్రాయము.

ఈ కథకు మొదలు ఒక రోగి మంచము. లివర్‌పూలు నగరములో విలియం రాత్‌బోను అను సంపన్నుడైన వర్తకుడుండెను. 1859లో ఆయన భార్య తీవ్రమైన జబ్బుపడగా మేరీ రాబిన్సను అను నర్సు వారి యింటనే యుండి, కడవరకు ఆమెకు పరిచర్య చేసెను. భార్య పోయిన దుఃఖములో రాత్‌బోనునకు ఒక యాలోచన తట్టెను. అన్ని వసతులు గల తమ యింటిలోనే నర్సు లేనిచో రోగి బాధ దుర్భరమై యుండెడిదే, ఇరుకు గదులలో నివసించు పేదల గతి యేమి? ఆయన ఆ నర్సునే పిలిచి, మూడు నెలలకు జీతమును, రోగులకు కావలసిన సామగ్రిని తానిచ్చెదననియు, పేదవాడలకు పోయి రోగులను చూడవలసినదనియు కోరెను.

ఆమె పోయెను. నెల తిరుగకుండనే కన్నీటితో తిరిగివచ్చి, ఆ యిండ్లలోని దైన్యమును తాను చూడలేననియు, ఈ పనినుండి తన్ను విడిపింపుమనియు వేడుకొనెను. రాత్‌బోను ఆమెకు ధైర్యము చెప్పి, ఒప్పుకొన్న గడువు తీరువరకు ఓర్చుకొనుమనెను. మూడు నెలలు నిండునప్పటికి ఆమె మనసు పూర్తిగా మారిపోయెను. తాను చేసిన కొద్దిపాటి సేవవలననే రోగులు తేరుకొనుటయు, వారి కుటుంబములు నిలద్రొక్కుకొనుటయు కన్నులార చూచిన పిమ్మట, ఆమెయే ఆ పనిలో నిలిచియుండ గోరెను. అటుపిమ్మట రాత్‌బోను ఫ్లారెన్సు నైటింగేలు సలహా నడిగి, నర్సులకు శిక్షణ నిచ్చుటకు లివర్‌పూలు ఆస్పత్రి యొద్ద ఒక పాఠశాలను కట్టించెను. నగరమును 18 విభాగములుగా విడదీసి, ఒక్కొక్క విభాగమున నర్సుల నేర్పరచిరి. ఆ దేశమున ‘డిస్ట్రిక్టు నర్సు’ అను మాట ఇట్లు వాడుకలోనికి వచ్చెను.

1887లో విక్టోరియా రాణి సింహాసనమెక్కి ఏబది యేండ్లు నిండిన సందర్భమున ఆ దేశపు స్త్రీలు చందాలు వేసికొని ఆమెకు కానుక సమర్పించిరి. అందులో 70,000 పౌన్లను ఆమె ఈ సేవకే వినియోగించెను. దానితో ఇంటింటికి పోయి పేదరోగులను చూచు నర్సులకొక సంస్థ యేర్పడెను. ఆ సంస్థవారు తయారుచేసిన నర్సులను ‘క్వీన్సు నర్సులు’ అనిరి. వీరు ప్రతిదినము వీథివీథికి తిరిగి, పుండ్లు కడిగి కట్టుకట్టుచు, బాలింతలను, పసిబిడ్డలను చూచుచు, కిటికీలు తెరచి గాలి వెలుతురులు రానిచ్చుట, ఇల్లు శుభ్రముగా నుంచుకొనుట మున్నగునవి ఆ యింటి స్త్రీలకు నేర్పుచుండిరి. తరువాతి కాలమున బైసికిలుమీద పల్లెలు తిరుగు నర్సు ఆ దేశపు గ్రామములలో అందరకు పరిచితయైన వ్యక్తి యయ్యెను.

అయితే సేవకు డబ్బు కావలెను గదా! నర్సులకు జీతములు, వారు నేర్చుకొను చదువునకు ఖర్చు, ముసలితనమున పని చేయలేనివారికి భరణము, ఇవన్నియు అప్పటికి ప్రభుత్వము భరించుట లేదు. ఊరూర సంఘములేర్పడి, చందాలు పోగుచేసియు, వేడుకలు జరిపియు ఎట్లో నెట్టుకొని వచ్చుచుండెను. 1925 నవంబరులో ఈ సంస్థకు పోషకురాలుగా నుండిన అలెగ్జాండ్రా రాణి మరణించెను. ఆమె జ్ఞాపకార్థము నర్సులకొరకొక నిధి సమకూర్పవలెనని తలపెట్టిరి. ఎంతని చందాలడుగుట? ఇచ్చినవారినే మరల ఎన్నిమారులు వేధించుట?

1926లో ఆ సంస్థ సభలో ఎల్సీ వాగ్ అను సభ్యురాలు ఒక మాట చెప్పెను. మన దేశములో ఇన్ని చక్కని తోటలున్నవి, వాటిని చూచు భాగ్యము యజమానులకు, వారి స్నేహితులకు మాత్రమే కలుగుచున్నది, ఒక దినము వానిని అందరకు తెరచి తలకొక షిల్లింగు పుచ్చుకొన్నచో ఎట్లుండునని ఆమె భావము. ఈ మాట వినుటకు ఎంత సులభముగా నున్నదో చూడుడు! ఇందులో ఎవరిని దానమడుగవలసిన పనిలేదు. షిల్లింగు ఇచ్చినవానికి ఒక సాయంకాలము కన్నులపండువు, తోట గలవానికి తన శ్రమను పదిమంది మెచ్చుకొన్నారను తృప్తి, నర్సునకు జీతము. ముగ్గురకును లాభమే, నష్టపడువారెవరును లేరు.

మరుసటి యేడు, అనగా 1927లో, 609 తోటలు తెరచిరి. రాజకుటుంబమువారి శాండ్రింగ్‌హాము తోట మొదలు ఎన్నియో తోటలు అందులో చేరినవి. మొత్తము 8,191 పౌన్లు వసూలయ్యెను. ఈ లెక్కను గృహిణులమగు మనము కొంచెము విప్పి చూచుట మంచిది. ఆ కాలమున 20 షిల్లింగులు ఒక పౌను. మన డబ్బులో ఒక షిల్లింగు 10 అణాల 8 పైసలకు సమానము. 8,191 పౌన్లను 609 తోటలకు పంచినచో ఒక్కొక్క తోటకు సగటున పదుమూడున్నర పౌన్లు గూడ రాలేదు. ఇంచుమించు 270 షిల్లింగులు మాత్రమే. ఏ యొక్క తోట గలవారును ఇంతటి మొత్తమును చూచి, దీనితో ఏమగునని పెదవి విరచియుండవచ్చును. కాని 609 చోట్ల రాలిన ఆ చినుకులు కలిసి చెరువైనవి. బొట్టు బొట్టు చేరి చెరువగునని మన పెద్దలు చెప్పిన సామెతకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

ఒక్క యేటి ముచ్చటగా తలపెట్టిన పని ఇట్లు ఏటేటి వ్రతమయ్యెను. 1931 నాటికి తోటలు వేయి దాటెను. ఏ తోట ఎన్నడు తెరచియుండునో తెలుపు చిన్నపుస్తకమును ముద్రించుట మొదలుపెట్టిరి. ఆ పుస్తకమునకు తరువాత పసుపుపచ్చని అట్ట వచ్చుటచేత జనులు దానిని ‘పచ్చపుస్తకము’ అని ముద్దుగా పిలుచుచున్నారు. 1931లోనే స్కాట్లండువారును ఇట్టి యేర్పాటునే తమకు వేరుగా చేసికొనిరి.

తోట తెరచినవారిలో విటా సాక్‌విల్ వెస్టు అను ప్రసిద్ధ రచయిత్రి గలదు. ఆమెయు, భర్తయు 1930లో కెంటు సీమలోని సిసింగ్‌హరస్టు అను పాడుబడిన కోటను కొనిరి. అప్పుడది చెత్తతోను, కలుపుతోను నిండియుండెను. వారు దానిని బాగుచేసి, గోడల నడుమ గదులవలె తోటలు వేసి, 1938లో మొదటిసారిగా ప్రజలకు తెరచిరి. రుసుము ఒక షిల్లింగే. అందువలన ఆమె ఆ చూడవచ్చిన జనమును ‘షిల్లింగులు’ అనియే పిలుచుచుండెను. ఆ పిలుపులో ఎగతాళి లేదు. వచ్చినవారు పూలమీదగల ప్రేమచేత వచ్చుచున్నారనియు, వారితో మాటాడుట తనకు ప్రియమనియు ఆమె భావము. పరిచయము లేనివారితో కలియుటకు అంతగా ఇష్టపడని ఆ రచయిత్రి సయితము మొక్కలను గూర్చి యడిగినవారికి ఓపికతో జవాబు చెప్పుచుండెడిదట. తోట అనునది కులగోత్రములు, హోదాలు మరపించి, అపరిచితులకు మాట కలుపు స్థలమని ఇందువలన తెలియుచున్నది.

ఇట్లు ఇరువది యేండ్లు జరిగిన పిమ్మట ఈ యుద్యమమునకొక వింతయైన పరీక్ష వచ్చెను. 1948 జూలైలో ఆ దేశపు ప్రభుత్వము వైద్యమునంతయు తానే వహించి, ప్రజలందరకు ఉచితముగా చేయ మొదలుపెట్టెను. ఇంటింటికి పోవు నర్సుల జీతములును సర్కారు ఖజానా నుండియే వచ్చుట మొదలయ్యెను. ఏ కార్యమునకై తోటతలుపులు తెరచిరో ఆ కార్యము నెరవేరినది. ఇక తలుపులు మూయవచ్చునా? చాల సంఘములకు ఇట్టి స్థితి వచ్చినప్పుడు, గమ్యము లేక చెదరిపోవుట మనమెరుగుదుము. వీరు మాత్రము ఆగి ఆలోచించిరి. ముసలివారైన నర్సులు, పని చేయలేక కష్టపడుచున్నవారు ఇంకను గలరు. కొత్త యేర్పాటు వచ్చినను పాతవారి ముసలితనము తీరదు గదా! కావున వచ్చు సొమ్ములో ముఖ్యభాగమును వారికొరకుంచిరి. మరియు ఆ దేశమున పాత భవనములను, సుందరస్థలములను కాపాడు ‘నేషనల్ ట్రస్టు’ అను సంస్థతో కలిసి, దిక్కులేక పాడగుచున్న గొప్ప తోటలను రక్షించుటకు కొంత సొమ్ము నిచ్చిరి. కేవలము తోట విలువనుబట్టియే ఆ ట్రస్టు 1948లో మొదటిసారిగా స్వీకరించిన హిడ్‌కోటు ఉద్యానము ఇట్టి ప్రయత్నమువలన నిలిచినదే. తోటల పేర వచ్చిన డబ్బులో కొంత తోటలకే పోవుట ధర్మమేగదా!

1980లో ఈ స్కీము నర్సుల సంస్థనుండి వేరుపడి, స్వతంత్రమైన ధర్మనిధిగా ఏర్పడెను. తరువాతి దశాబ్దములలో వారి సేవ ఇంకను విస్తరించినది. క్యాన్సరు రోగులకు తోడ్పడు నర్సులను ఏర్పరచు మాక్‌మిలను సంస్థకును, చివరిదినములలో ఉన్న రోగులకు ఇంటియొద్ద పరిచర్య చేయు మేరీ క్యూరీ సంస్థకును, మరణాసన్నులకు ఆశ్రయమిచ్చు హాస్పీసులకును ఈ తోటల డబ్బు పోవుచున్నది. ఇంటిలో రోగిని చూచుకొనుచు తామే అలసిపోవు బంధువులకు సాయపడు సంస్థ గూడ వీరిలో నొకటి. మంచము పట్టిన అత్తగారినో, భర్తనో, బిడ్డనో ఏండ్ల తరబడి కనిపెట్టుకొనియున్న యిల్లాలి కష్టము మన పాఠకురాండ్రకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆమెకు ఒక పూట విశ్రాంతి నిచ్చుటకు ఎక్కడనో ఒక గులాబితోట తలుపు తెరచుకొనుచున్నదనగా మా మనసు ఉప్పొంగినది. 1927 నుండి నేటివరకు వీరు ఇచ్చిన మొత్తము 7 కోట్ల పౌన్లను దాటినది. ఇప్పుడు ఏటేట మూడు వేలకు పైగా తోటలు ఇందులో పాల్గొనుచున్నవి.

ఇక ఈ పని నడచు తీరును కొంచెము వివరించెదము. ప్రతి సీమకును జీతము లేకుండ పనిచేయు నిర్వాహకులుందురు. ఎవరైనను తోట తెరచెదమనగానే వారు స్వయముగ వచ్చి చూచెదరు. తోట పెద్దదా చిన్నదా అని వారు చూడరు. వచ్చినవారు ముక్కాలు గంట సేపు, అనగా 45 నిమిషములు, ఆసక్తితో తిరిగి చూచుటకు తగినంత విశేషమందున్నదా అనునదే వారి కొలత. చిన్నపెరడులు గలవారు ఒంటరిగా చాలనప్పుడు, ఒకే గ్రామములోనివారో, ఒకే వీథిలోనివారో కలిసి ఒకే దినమున తెరచెదరు. అప్పుడు ఒక్క టిక్కెట్టుతో పది తోటలు చూడవచ్చును. దారి తెలియుటకు పచ్చని ప్రకటనలు వీథిమొగల కట్టుదురు. ఒకరు గేటుకడ కూర్చుండి డబ్బు తీసికొందురు. మరియొకరు మొక్కల నారులు, కొమ్మ అంట్లు చిన్నకుండీలలో పెట్టి అమ్ముదురు. ఇంటిలో కాల్చిన కేకులు, తేనీరు అమ్ముట పరిపాటి. ఆ తేనీటిబల్ల లేని తోటదినము ఆ దేశమున ఊహింపజాలరు. తోట చూచుటకు వచ్చినవారు కొందరు, కేకు తినుటకు వచ్చినవారు కొందరు అని వారే నవ్వుకొందురు.

వినుటకు వేడుకగా నున్నను ఇందులో గల కష్టము తక్కువది కాదు. పూలు మన మాట వినవు. జూను నెల మూడవ ఆదివారమున తెరచెదమని నెలల ముందుగనే పుస్తకములో అచ్చువేయింతురు. ఆ దినమునకు గులాబులు పూచునా, ముందే పూచి రాలిపోవునా యెవరు చెప్పగలరు? ముందురోజు వడగండ్లు పడవచ్చును. ఆ దినమే ముసురు పట్టవచ్చును. వారములకొలది నడుము వంగి కలుపు తీసి, అంచులు కత్తిరించి, బాటలు చిమ్మినవారికి, గొడుగులు పట్టుకొని పదిమంది మాత్రము వచ్చినచో మనసెట్లుండును? అన్నిటికంటె పెద్ద కష్టము సంకోచము. మా తోట ఏపాటిది, చూచినవారు నవ్వరా, ఆ మూల కలుపు మిగిలియున్నదే, ఈ మొక్క ఎండిపోయినదే అని ప్రతివారును తలంతురు. అతిథులు రాకముందు ఇల్లు సర్దుకొను గృహిణికి ఈ బాధ తెలియనిది కాదు. కాని వచ్చినవారు తప్పులు వెదకుటకు వచ్చినవారు గారు. వారిలో చాలమంది తామును మట్టిలో చేతులు పెట్టువారే. ఎండిన మొక్కను చూచి, మాయింటను ఇట్లే అయినదమ్మా అని యూరడించి, ఉపాయము చెప్పి పోవుదురు.

2020లో కరోనా మహమ్మారి వ్యాపించినప్పుడు వీరికి మరియొక పరీక్ష వచ్చెను. మార్చినెలలో తోటలన్నియు మూయవలసివచ్చెను. వసంతము వచ్చినది, పూలు పూచినవి, చూచువారు లేరు. నర్సుల సేవ మునుపటికంటె ఎక్కువగ కావలసిన ఆ కాలముననే రాబడి నిలిచిపోయెను. అప్పుడు తోటలవారు తమ తోటలలో తామే తిరుగుచు చలనచిత్రములు తీసి, ఇంటర్నెట్టు ద్వారా జనులకు చూపించిరి. గదులలో బందీలైయున్నవారు ఆ పూలను చూచి సేదదీరి, తోచినంత పంపిరి. జూను నెలలో ముందుగ టిక్కెట్టు పుచ్చుకొన్నవారిని కొద్దికొద్దిమందిగా లోనికి రానిచ్చుచు తోటలు మరల తెరచిరి. చిత్తము గలిగినచో మూసిన తలుపులనుండి గూడ పరిమళము వెలుపలికి రాగలదని వారు నిరూపించిరి.

ఇంతకాలము ఈ యుద్యమము నిలుచుటకు కారణములేమని మేము విచారించితిమి. మాకు మూడు తోచినవి. మొదటిది, పెట్టుబడి కొత్తగ పెట్టవలసినది లేదు. తోట యెట్లును ఉన్నది, ఎట్లును పెంచుచున్నారు. రెండవది, రుసుము చిన్నది. పేదవాడును చిన్నపోకుండ ఇచ్చి తలయెత్తుకొని లోనికి రాగలడు. మూడవది యన్నిటికంటె ముఖ్యము. డబ్బు ఎక్కడికి పోవుచున్నదో వచ్చినవానికి ముందే తెలియును. నర్సును తన యింట చూడనివాడెవ్వడు? ఇచ్చిన షిల్లింగు రేపు తన తల్లి మంచముకడకే రావచ్చును. మన దేశమున ధర్మకార్యములకు ఇచ్చువారు లేక కాదు, ఇచ్చినది ఏమగునో తెలియక చేతులు వెనుకకు పోవుచున్నవి. లెక్క తేటగా నున్నచోట ధర్మమునకు లోటు రాదు.

మన తెలుగునాట ఇట్టిది సాధ్యమా? పూలను నలుగురి నడుమకు తెచ్చుట మనకు కొత్త కాదు. తెలంగాణమున బతుకమ్మ పండుగనాడు ఇంటింటి పూలు వీథిలోనికి వచ్చి ఒక్కచోట చేరుచున్నవి. గోదావరి తీరమున కడియము ప్రాంతమువారు మొక్కలు పెంచి దేశమంతట పంపుచున్నారు. మనకు పూలును గలవు, పెంచు చేతులును గలవు. మంచము పట్టిన రోగుల యిండ్లకు పోయి పరిచర్య చేయు సేవాసంఘములును మన పట్టణములలో నిప్పుడు గలవు. వానికి ఎల్లప్పుడు డబ్బు చాలదు. కావలసినది ఈ రెంటిని కలుపు ఒక దారము మాత్రమే.

ఎవరికైనను ఉత్సాహము గలిగినచో, మాకు తోచిన కొన్ని మాటలు చెప్పెదము. ఒంటరిగా తలపెట్టక, ఒకే పేటలోని ఐదారు ఇండ్లవారు కలియుడు. మేడమీది కుండీల తోటయు తోటయే, వంటింటి వెనుక కూరపాదులును చూడదగినవే. మన దేశమున ఎండలు, వానలు లేని పుష్యమాసము ఇందుకు మంచి కాలము. అప్పుడు చేమంతులు, బంతులు, గులాబులు నిండుగ నుండును, పాదులకు చిక్కుళ్లు వ్రేలాడుచుండును. ఒక ఆదివారము మధ్యాహ్నము మూడు గంటలనుండి దీపాలవేళ వరకు చాలును. ఇంటితలుపులు మూసి, పెరటిదారి మాత్రము తెరువుడు. నుయ్యి గాని నీటితొట్టి గాని యున్నచో తప్పక మూతవేసి, పిల్లలను కనిపెట్టుటకు ఒకరి నుంచుడు. ప్రతి మొక్కకడ దాని పేరు అట్టముక్కమీద వ్రాసియుంచినచో, వచ్చిన పిల్లలకు చదువును అబ్బును. మల్లె, మందారము, గులాబి అంట్లు, తమలపాకుతీగెలు, తులసినారు, కరివేపమొక్కలు ముందుగ సిద్ధపరచి అమ్ముడు. ఇంగ్లీషువారికి కేకులవలె మనకు పులిహోర, గారెలు, మజ్జిగ గలవు. వాని ఆదాయమును ఈ నిధికే చేర్పుడు.

డబ్బుపెట్టెను ఇద్దరు కలిసియే తెరచి లెక్కింపవలెను. ఏ సంఘమునకు ఇచ్చుచున్నారో ముందుగనే గేటుకడ వ్రాసి కట్టవలెను. సొమ్ము చెల్లించిన పిమ్మట రసీదును పేటలో అందరకు కనబడునట్లు అంటింపవలెను. ఎంత వచ్చినదని చిన్నబుచ్చుకొనరాదు. 1927లో ఆ 609 తోటలలో చాలవాటికి వచ్చినదియు కొద్దియే యని మరువకుడు. మరియు మొదటి యేట వచ్చినవారు తక్కువైనను రెండవ యేట మానరాదు. మొక్కయును నాటిన యేడే కాయదు.

మేరీ రాబిన్సను పేదవాడలోనికి పోయి నెలలోనే కన్నీటితో తిరిగివచ్చెను. ఆ నాడు ఆమె ఆ పని విడిచిపోయియున్నచో ఈ కథయే లేదు. ఇంకొక రెండు నెలలు ఓర్చుకొన్న ఆ ఓర్పు, ఒక సభలో ఎల్సీ వాగ్ పలికిన ఒక చిన్న మాట, ఈ రెండును కలిసి దాదాపు నూరేండ్లుగా ఎందరి మంచములకడనో దీపమై వెలుగుచున్నవి. రేపు ఉదయము మా పాఠకురాండ్రు చెంబుతో మొక్కలకు నీరు పోయునప్పుడు, ఈ నీరు ఎంతదూరము పారగలదో ఒక్కసారి తలంచుకొందురని మా యాశ.